మొక్కకు ఉన్నవి రెండే ప్రయాణాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పూలు, పిందెలు, గింజల గురించే. చదువుతున్నప్పుడు దేనికది వేరుగా అనిపించాయి గానీ, జవాబులు రాయడానికి కూర్చుంటే అన్నీ ఒకే చోటికి చేరాయి. మొలిచిన చోటు నుంచి మొక్క కదలలేదు. దాని బతుకులో ప్రయాణం జరిగేది రెండుసార్లే: ఒకసారి పుప్పొడిగా, ఇంకోసారి విత్తనంగా. ఆ రెండింటికీ మోసేవాళ్ళు కావాలి. పువ్వు రంగు, వాసన, విచ్చుకునే వేళ, పండు తీపి, గింజ మీది ముల్లు, ఏది చూసినా "ఇది ఎవరి కోసం?" అని అడగండి. ఎన్నో ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నేను ఇప్పటికీ భూతద్దం పట్టుకుని ముందు అడిగేది అదే.

మా పెరట్లో గుమ్మడి పాదు బాగా అల్లుకుంది. మొదట్లో రోజూ పూలు పూసినా ఒక్క పిందె కూడా లేదు. ఇప్పుడు పిందెలు వస్తున్నాయి గానీ గోలీకాయంత అయ్యాక పచ్చబడి రాలిపోతున్నాయి. ఎరువు తక్కువైందా మేడమ్? – పెరటి తోట పెంచే గృహిణి

ఎరువు జోలికి వెళ్ళకండి. పాదు బాగా అల్లుకుందంటే దానికి తిండి సరిపోతున్నట్టే. మీ పాదుకి అందనిది పుప్పొడి.

రేపు తెల్లవారగానే పూలను దగ్గరగా చూడండి. పొడవాటి సన్నటి కాడ మీద నిలబడినవి మగపూలు. పువ్వు అడుగున చిన్న గుండ్రటి పిందె ఉన్నవి ఆడపూలు. ఆ పిందెను చూసి కాయ కాసిందనుకుంటాం. నిజానికి అది అండాశయం మాత్రమే. పుప్పొడి అందితే కాయ అవుతుంది, అందకపోతే పచ్చబడి రాలుతుంది. గుమ్మడి, సొర, బీర, కాకర కుటుంబంలో ఎక్కువగా ఒకే తీగ మీద మగపూలు వేరుగా, ఆడపూలు వేరుగా పూస్తాయి. ముందు మగపూలే మొదలవుతాయి. మొదట్లో మీరు చూసినవన్నీ అవే. అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు.

అసలు చిక్కు సమయంతో. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు. ఆ కాసిన్ని గంటల్లోనే తేనెటీగ మగపువ్వులో దూరి, ఒంటికి పొడి అంటించుకుని, ఆడపువ్వు మీద వాలాలి. ఒక్కసారి వాలితే సరిపోదు కూడా. లోపల వందల అండాలుంటాయి, గింజగా మారే ప్రతి అండానికీ ఒక పుప్పొడి రేణువు కావాలి. చాలినంత అందని పిందెను తీగే వదిలేస్తుంది. అరకొరగా అందితే కాయ ఒక పక్క ఉబ్బి, రెండో పక్క నొక్కుకుపోయి వంకరగా పెరుగుతుంది.

మీ చుట్టుపక్కల తేనెటీగలు తక్కువైతే ఆ పని మీరే చేయవచ్చు. ఉదయం ఎనిమిదిలోపు, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి రేకులు తీసేయండి. మధ్యలో పసుపు పొడితో నిలిచిన భాగాన్ని ఆడపువ్వు నడుమ జిగురుగా ఉండే కీలాగ్రానికి అన్ని వైపులా మెల్లగా రాయండి. ఒక్కో ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడితే మరీ మంచిది. బీర, సొర అయితే ఇదే పని సాయంత్రం చేయాలి. వాటి పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. సొరపువ్వు తెల్లగా ఉండేది చీకట్లో తిరిగే చిమ్మటలకు కనిపించడానికే.

చేతితో పుప్పొడి అంటించడం చిన్న పని అనుకోకండి. వెనిలా తీగను దాని పుట్టిల్లు మెక్సికో నుంచి తెచ్చి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో నాటారు. తీగ పెరిగింది, పూసింది, కాయ మాత్రం కాయలేదు. దాని పువ్వులో దూరే పురుగు ఆ దీవిలో లేదు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు సన్నటి పుల్లతో పువ్వులోని అడ్డుపొరను పైకెత్తి, పుప్పొడి ముద్దను బొటనవేలితో కీలాగ్రానికి నొక్కే పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజుకీ వెనిలా తోటల్లో చేసేది అదే. ఆ పిల్లవాడి పేరు నేను ప్రతి తరగతిలోనూ చెప్పేదాన్ని. పాఠ్యపుస్తకాల్లో శాస్త్రవేత్తల పేర్ల పక్కన అతని పేరు కూడా ఉండాలని నా గట్టి నమ్మకం.

ఇంకొక్క మాట. పూలు విచ్చుకుని ఉన్న వేళలో పురుగుమందు కొట్టకండి. మీకు కావలసిన అతిథి కూడా అందులోనే పోతుంది.

పుప్పొడి పువ్వు పైన పడితే గింజ అడుగున ఎలా తయారవుతుంది? "ద్విఫలదీకరణ" బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు. పరీక్ష అంటే టెన్షన్‌గా ఉంది. – ఇంటర్ విద్యార్థిని

టెన్షన్ పక్కన పెట్టి ఒక మొక్కజొన్న పొత్తు తీసుకో అమ్మా. కొనన వేలాడే పీచు ఉంది కదా, అందులో ఒక్కో పోగూ ఒక్కో గింజకు చెందిన కీలం, అంటే అండాశయం నుంచి పైకి సాగిన కాడ. మగపూలు మొక్క నెత్తిన కంకిలో ఉంటాయి. అక్కడి నుంచి గాలికి రాలిన రేణువు ఈ పీచు మీద పడగానే తడి పీల్చుకుని ఉబ్బుతుంది. దాని నుంచి సన్నటి నాళం బయటికొచ్చి పోగు లోపలికి దిగుతుంది. జానెడు దాటిన దూరాన్ని కూడా ఆ పరాగనాళం దాదాపు ఒక రోజులో దాటేస్తుంది. పొత్తులో అక్కడక్కడా గింజలు లేని చోట్లు చూసి ఉంటావు. ఆ గింజలకు చెందిన పోగుల మీద పుప్పొడి పడలేదు, లేదా పడినా నాళం కిందిదాకా చేరలేదు.

నాళంలో రెండు పురుష బీజకణాలు దిగుతాయి. ఒకటి అండకణంతో కలిస్తే పిండం. అది రాబోయే మొక్క. రెండోది అక్కడే ఉన్న రెండు ధ్రువ కేంద్రకాలతో కలిస్తే అంకురచ్ఛదం. అది ఆ పిల్లమొక్కకు తిండి. రెండు కలయికలు కాబట్టి ద్విఫలదీకరణ, అంతే. అంకురచ్ఛదంలో మూడు కేంద్రకాలు కలిశాయి కాబట్టి అది త్రయస్థితికం. దీన్ని 1898లో సెర్గీ నవాషిన్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త లిల్లీ కుటుంబపు మొక్కల్లో గుర్తించాడు.

రెండో కలయిక ఎందుకని అడగడం మరచిపోకు, అందం అంతా అక్కడే ఉంది. సైకస్ లాంటి పూలు లేని విత్తన మొక్కలు ఫలదీకరణ జరగక ముందే తిండి కూడబెడతాయి. పుప్పొడి అందకపోతే ఆ శ్రమంతా వృథా. పూల మొక్క మాత్రం పిండం ఖాయమయ్యాకే తిండి సిద్ధం చేయడం మొదలుపెడుతుంది. ఆ తిండిని నువ్వు చాలాసార్లు చూశావు. వడ్లలోని బియ్యం, మొక్కజొన్న గింజలోని పిండి, కొబ్బరిలోని నీళ్ళూ తెల్లటి కండా అన్నీ అంకురచ్ఛదమే. లేత కొబ్బరి నీళ్ళలో దాని కేంద్రకాలు ఇంకా గోడలు కట్టుకోకుండా తేలుతుంటాయి. చిక్కుడు, శనగ గింజల్లో పిండం ఆ తిండిని ముందే తినేసి బీజదళాల్లో దాచుకుంటుంది. అందుకే అవి రెండు బద్దలుగా లావుగా ఉంటాయి.

మీ కాలేజీ ల్యాబ్‌లో ఒకసారి అడిగి చూడు. చక్కెర నీళ్ళలో కొంచెం బోరిక్ ఆమ్లం కలిపి, బిళ్ళగన్నేరు పుప్పొడి వేసి మైక్రోస్కోపు కింద పెడితే గంటలోపే నాళాలు సాగడం కనిపిస్తుంది. అది కళ్ళారా చూసిన పిల్లలెవరూ మళ్ళీ ఈ పాఠం బట్టీ పట్టడం నేను చూడలేదు.

అరటిపండులో గింజలే ఉండవు కదా, మరి అరటికి పువ్వెందుకు?

అడవి అరటికి నల్లటి గట్టి గింజలుంటాయి. దాని పూలకు గబ్బిలాలు, పక్షులు వస్తాయి. మనం పెంచే రకాల్లో చాలావాటికి క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు కావడంతో గింజ కట్టదు. ఫలదీకరణ లేకుండానే కాయ ఊరుతుంది. పండు మధ్యలో కనిపించే చిన్న నల్ల చుక్కలు గింజలు కాలేకపోయిన అండాలు. పువ్వు పాత తరాల నుంచి వచ్చింది, పని మాత్రం పోయింది. ఇక ఆ మొక్క పిలకల మీదే ఆధారపడాలి, పిలకలన్నీ తల్లికి అచ్చు నకళ్ళు. ఒక జబ్బు ఒకదాన్ని పడగొడితే అన్నిటినీ పడగొడుతుంది. 1950ల నాటికి గ్రో మిషెల్ అనే రకం పనామా తెగులుకు తోటలు తోటలుగా నాశనమైంది అందుకే.

మా తోటలో కంద దుంప నుంచి ఆకు రాకుండానే నేలబారున పెద్ద ఊదారంగు పువ్వు వచ్చింది. చచ్చిన ఎలుక కంపు. పీకేయాలా?

పీకకండి, దయచేసి. రెండు మూడు రోజులు ఓర్చుకుంటే కంపు దానంతట అదే తగ్గుతుంది. కంద పూయడం రోజూ చూసేది కాదు.

మీరు చూస్తున్నది ఒక్క పువ్వు కాదు. మధ్యలో నిలిచిన కంకి అడుగున ఆడపూలు, వాటి పైన మగపూలు వరసలుగా ఉంటాయి. అన్నిటికంటే పైన ముడతలు పడిన పెద్ద బొడిపె ఉంటుంది. ఆ బొడిపె వేడెక్కి కంపును దూరంగా చిమ్ముతుంది. కుళ్ళిన మాంసం వెతుక్కునే పేడపురుగుల జాతివి, ఈగలు అది నిజమని నమ్మి లోపలికి దిగుతాయి. ముందు ఆడపూలు సిద్ధమవుతాయి. పురుగు ఇంకో కంద నుంచి పుప్పొడి తెచ్చి ఉంటే అది వాటికి అంటుతుంది. ఆడపూల పని అయిపోయాకే మగపూలు తెరుచుకుని, బయటికి వెళ్ళే పురుగుల మీద పొడి రాలుస్తాయి. ఈ వరస వల్ల తన పుప్పొడి తన ఆడపూలకే అంటదు. గుమ్మడి తన అతిథికి తేనె ఇస్తుంది. కంద మాత్రం పురుగుకు దాని గుడ్లు బతికే మాంసం ఏమీ ఇవ్వకుండానే పని చేయించుకుంటుంది. పొద్దున్నే ఒక టార్చి పట్టుకుని లోపలికి చూడండి, పురుగులు కనిపిస్తే వాటి వీపు మీద పొడి ఉందేమో గమనించండి.

జిల్లేడు కాయ పగిలితే దూది ఎగిరిపోతుంది. దూది ఎందుకు? అన్ని గింజలకీ ఎందుకు లేదు? – ఏడో తరగతి విద్యార్థి

బాబూ, నీ రెండో ప్రశ్న చాలా మంచిది, ముందు అదే తీసుకుందాం. గింజ తల్లి కిందే పడితే నీడ ఎక్కువ, తోబుట్టువులతో పోటీ ఎక్కువ, తల్లి ఒంటి మీది పురుగులు కూడా పక్కనే. కాబట్టి ఎలాగైనా దూరం పోవాలి. కానీ దూది తేలిక గింజను మాత్రమే మోయగలదు. తేలిక గింజలో తిండి తక్కువ. అది పడే చోట ఎండ బాగా ఉండాలి, వెంటనే వేరు పట్టాలి. జిల్లేడు ఖాళీ నేలల్లో, బీళ్ళలో పెరుగుతుంది కాబట్టి దానికి అది సరిపోయింది. దట్టమైన చెట్ల నీడలో మొలవాల్సిన గింజకు పెద్ద తిండి మూట కావాలి. అది గాలికి ఎగరలేదు. దానికి జంతువో పక్షో కావాలి.

జిల్లేడు గురించి నీకు ఇంకో సంగతి చెప్పాలి. అది పుప్పొడిని పొడిగా రాల్చదు, ముద్దలుగా కట్టి పెడుతుంది. నల్ల తుమ్మెద తేనె తాగేటప్పుడు దాని కాలికి ఆ ముద్ద కొక్కెంలా తగులుకుంటుంది. ఒక్క ముద్ద సరైన చోట చేరితే ఒక కాయలో వందల గింజలు తయారవుతాయి. ఆ గింజలన్నిటికీ దూది. అది దేనికైనా తగిలి ఆగితే గింజ విడిపోయి కింద పడుతుంది.

ఇప్పుడు నీ చుట్టూ చూడు. ఎర్రచందనం కాయకు గుండ్రటి పల్చటి రెక్క ఉంది. ఉత్తరేణి, మరులమాతంగి నీ నిక్కరుకు అంటుకుని నీతోనే ఊరు దాటతాయి. ఆముదం కాయ ఎండి టప్పున పగిలి గింజను విసురుతుంది. ఆ గింజ కొనన తెల్లటి చిన్న బొడిపె ఉంటుంది, దానికోసం చీమలు గింజను లాక్కుపోతాయి. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల్లో పెరిగే హ్యూరా క్రెపిటాన్స్ అనే చెట్టు కాయ పేలితే గింజ 40 మీటర్లు దాటి పడగలదు. ఏ పరికరమూ లేని చిన్న గింజలు కూడా ఉన్నాయి. వాటి సంగతి తెలుసుకోవడానికి చార్లెస్ డార్విన్ చెరువు అంచు నుంచి కొద్దిగా బురద తెచ్చాడు. ఎండితే అది 200 గ్రాములు కూడా లేదు. ఆరు నెలలు మూసిపెట్టి, మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెడితే 537 తేలాయి. ఒక బాతు కాలికి అంటిన బురద ఇంకో చెరువుకు ఏం తీసుకెళ్తుందో నువ్వే ఊహించు.

మేడ మీద గోడ పగులులో రావి మొక్క మొలిచింది. అక్కడికి ఎవరూ మట్టి కూడా వేయలేదు. ఎలా వచ్చింది?

పక్షి తెచ్చింది, లేదా గబ్బిలం. రావి, మర్రి, మేడి పళ్ళు తిన్నాక వాటి గింజలు అరగకుండా రెట్టలో పడతాయి. అవి నేల మీదా పడతాయి గానీ అక్కడ మొలకకు గడ్డితో, నీడతో పోరాటం. గోడ పగులులో కాస్త దుమ్ము, వాన తడి, కావలసినంత ఎండ. రావి మొలకకు అంతకంటే అక్కర్లేదు.

గింజ ప్రయాణం మీకు కనిపించింది గానీ దానికి ముందు జరిగిన పుప్పొడి ప్రయాణం ఇంకా గొప్పది. రావి చెట్టుకు పూలు లేవంటారు. ఉన్నాయి, ఆ చిన్న పండు లోపల, గోడలకు లోపలి వైపున వందలుగా. పండు కొనన ఉన్న సన్నటి రంధ్రంలోంచి రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఒకటి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దాని రెక్కలు అక్కడే ఊడిపోతాయి. అది పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, లోపలే చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, గోడకు సొరంగం తవ్వి వాటికి దారి ఇస్తాయి. ఆడవి పుప్పొడి తీసుకుని ఎగిరి ఇంకో లేత కాయ వెతుక్కుంటాయి. ఈ కుటుంబంలో ఎక్కువ జాతులకు ఎవరి కందిరీగ వారిదే. మేడిపండు విప్పితే కనిపించేవాటిని పురుగులని చీదరించుకుంటాం గానీ అవి లేకపోతే ఆ చెట్టు జాతే లేదు. నాకు ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఆ చిన్న ప్రాణి మీద గౌరవం పెరుగుతుంది.

మీ గోడ మాటకొస్తే, మొక్కను ఇప్పుడే, వేరుతో సహా తీసి నేలలో నాటండి. పైన కోసేస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరు మాత్రం గోడలోకి పోతూనే ఉంటుంది.

వేరుశనగ పువ్వు పైన పూసి కాయ నేలలో ఎందుకు కాస్తుంది?

ఆ చిన్న పసుపు పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. చాలావరకు తన పుప్పొడి తనకే. ఆ తర్వాత అండాశయం అడుగు భాగం సాగి, ఊడగా మారి, వంగి, భూమిలోకి గుచ్చుకుంటుంది. ఫలదీకరణ చెందిన అండాలు ఊడ కొనలోనే ఉంటాయి. చీకటీ తడీ తగిలాకే కాయ ఊరుతుంది. నేలకు చేరని ఊడ ఎండిపోతుంది. ఊడలు దిగే వేళకు నేల గుల్లగా ఉండాలని రైతులు అనేది అందుకే. దీని అడవి బంధువులు వాన వస్తే నాని, ఎండితే గట్టిపడే నేలల్లో ఉంటాయి. గింజను అక్కడే దాచుకోవడం మేలు. రెండో ప్రయాణాన్ని దాదాపు వదులుకున్న మొక్క ఇది.

డబ్బాలో దాచిన వంగ, టమాటా, ఉల్లి గింజలు నాలుగేళ్ళవి. వేపగింజలు కూడా ఉన్నాయి. మొలుస్తాయా?

వేపగింజలు పోయినట్టే. అవి పండిన కొద్ది వారాల్లోనే నాటాలి. మామిడి, పనస టెంకలు ఇంకా సుకుమారం, ఆరితేనే చచ్చిపోతాయి. ఉల్లి గింజ ఏడాది రెండేళ్ళకే బలహీనపడుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. వంగ, టమాటా మాత్రం పొడిగా దాచి ఉంటే మొలిచే అవకాశం బాగానే ఉంది.

గింజ నిద్రపోతున్న ప్రాణి. మెల్లగా ఊపిరి తీస్తూ ఉన్న తిండిని ఖర్చు చేస్తుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, చుట్టూ వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన నిల్వలో వాడే లెక్క. 1879లో విలియం బీల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త రకరకాల కలుపు గింజలను ఇసుకతో కలిపి 20 సీసాల్లో పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తీస్తే 142 ఏళ్ళ గింజలు కొన్ని మొలిచాయి. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన దాదాపు 1,300 ఏళ్ళ తామర గింజ మొలిచింది. మృత సముద్రం పక్కన మసాడా కోటలో దొరికిన సుమారు 2,000 ఏళ్ళ నాటి ఖర్జూరం గింజ 2005లో మొలకెత్తింది. ఇవన్నీ గట్టి తొడుగో, అనుకూలమైన చోటో కలిసొచ్చిన అరుదైన గింజలు.

మీ గింజల సంగతి ఊహించాల్సిన పని లేదు. ప్రతి రకంలో పది గింజలు తడిగుడ్డలో చుట్టి, గాలి ఆడే డబ్బాలో వెచ్చటి చోట పెట్టండి. గుడ్డ ఆరిపోనివ్వకండి, నీళ్ళు కారేలా కూడా ఉంచకండి. వంగకు రెండు వారాల దాకా ఓపిక పట్టండి, టమాటా ముందే తేలిపోతుంది. ఏడెనిమిది మొలిస్తే మామూలుగా నారు పోసుకోండి. మూడో నాలుగో మొలిస్తే రెట్టింపు గింజలు వేయండి. ఒక్కటీ మొలవకపోతే కొత్తవి తెచ్చుకోండి.